మొదటి వేలు అక్కది

మా అక్క అగతీనా నలభై ఒక్క ఏళ్ళు నా చేతికి వంక పెట్టింది. ఏటా ఆగస్టులో, మా మేడ మీద, అదే గడ్డి కుర్చీలో కూర్చుని, అవే రెండు మాటలు. పలక మీద ఎండిన టమాటా ముద్దలో వేలు ముంచి, నాలుకకు రాసుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, “ఉప్పు సరిపోయింది. చెయ్యే ఇంకాస్త పడాల్సింది” అనేది. ఉప్పు వేసేది ఆవిడ. చెయ్యి నాది.

ఈ ముద్దను మేము స్త్రాత్తు అంటాం. నలభై కిలోల టమాటాలు కడిగి, కోసి, ఉడికించి, తొక్కా గింజా పోయేలా మర తిప్పి, ఆ గుజ్జును మూడు చెక్క పలకల మీద పలచగా పరిచి ఎండబెడితే, మూడు రోజులకు నాలుగు సీసాల ముద్ద మిగులుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం మూడు రోజులూ పలకల పక్కనే పడి ఉండాలి. గంటకోసారి చెక్క గరిటెతో గీకి, తిరగేసి, మళ్ళీ పరవాలి. ఒక్క గంట ఏమరితే పైన అట్ట కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మేడ గచ్చు చెప్పుల్లోంచి కాలుతుంది. తలకు చుట్టుకున్న తడిగుడ్డ పావుగంటలో ఎండిపోతుంది. ఇంత చాకిరీ నేను చేస్తుంటే, గొడుగు నీడలో కూర్చుని నాలుగు గుప్పెళ్ళ ఉప్పు చల్లిన మనిషి చెయ్యి చాలలేదంటుంది. ఒళ్ళు మండేది నాకు.

మండినా నోరు మెదిపేదాన్ని కాదు. ఎందుకంటే నన్ను పెంచింది ఆవిడే. అమ్మ పోయేనాటికి నాకు పదకొండేళ్ళు, అక్కకు ఇరవై. నాకు పద్దెనిమిది నిండేదాకా తన పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. తర్వాత కింది పేటలో ఒక తాపీ మేస్త్రిని చేసుకుని వెళ్ళింది. అమ్మ ఇల్లు ఊరికి పైన, అందులో నేనుండిపోయాను. నాకెందుకు పెళ్ళి కాలేదని అడిగినవాళ్ళకు ఏటికో కారణం చెప్పి పంపేశాను. అక్క ఇంటి మేడకు పక్కనే నాలుగంతస్తుల భవనం లేచి నీడ కమ్మేసింది కాబట్టి, రెండిళ్ళ స్త్రాత్తు మా మేడ మీదే.

పెళ్ళయి వెళ్తూ గరిటె నా చేతికిచ్చింది, ఉప్పు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. నువ్వు కోపిష్ఠిదానివి, ఉప్పుకు ఓపిక కావాలి అనేది. ఒకప్పుడు బిస్కెట్లు వచ్చిన నీలం రేకు డబ్బా ఒకటి ఉండేది ఆవిడకు. జూన్‌లో త్రాపని ఉప్పుమళ్ళ నుంచి వచ్చే ముతక ఉప్పు కొని అందులో పోసి పెట్టేది. ఆగస్టులో ఆ డబ్బా చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చేది, మూడో రోజు చంకన పెట్టుకుని దిగిపోయేది. మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా దాన్ని వదల్లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. స్త్రాత్తులో మొదటి వేలు ఇంట్లో పెద్ద ఆడదానిది. మా అమ్మమ్మ నాటి నుంచీ అంతే. ఆవిడ వేలు పెట్టేదాకా చేసినవాళ్ళు కూడా రుచి చూడకూడదు. గరిటె నాకకూడదు, చేతికంటింది నోట్లో పెట్టుకోకూడదు. అమ్మ పోయిన ఏడు ఆగస్టులో మా మేనత్త అక్కను పలక ముందు నిలబెట్టి, ఇక నువ్వే పెట్టాలి అంది. అక్క వేలు పెట్టి, రుచి చూసి, ఏడ్చింది. మొదటి వేలు పెట్టడమంటే తనకు పైన ఇంకెవరూ మిగల్లేదని ఒప్పుకోవడమని నాకు ఆ రోజే తెలిసింది.

నిరుడు చలికాలంలో అక్కకు కడుపులో జబ్బు బయటపడింది. జూలై ఆఖరుకు పలెర్మో పెద్దాసుపత్రి డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనలేదు. కూతురు నింఫా తన కాపురం వదిలేసి వచ్చి తల్లి మంచం పక్కనే ఉండిపోయింది. నేను రోజూ సాయంత్రం సొరచిగుళ్ళు ఉడికించి, అందులో సన్న పాస్తా విరిచి వేసి, గిన్నెలో పోసుకుని కిందికి వెళ్ళేదాన్ని. ఎండాకాలంలో మా అక్కకు అంతకు మించి ఏదీ సయించదు. చివరికి చిగుళ్ళూ పాస్తా పక్కకు తోసి, నాలుగు చెంచాల పచ్చటి నీళ్ళు మాత్రం తాగేది. తాగి, వెల్లుల్లి ఎక్కువైందనేది. చావు మంచం మీద కూడా వంక పెట్టడం మానలేదు.

ఆగస్టు రెండో ఆదివారం సాయంత్రం, టమాటాలు పండిపోయాయి, ఈసారి స్త్రాత్తు పెట్టనులే అన్నాను. ఆవిడ ముఖం నావైపు తిప్పింది.

“టమాటా నా కోసం ఆగుతుందా? పెట్టు. మొదటి వేలు నాకు తెచ్చిపెట్టు” అంది.

నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్తే సిగ్గుగా ఉంటుంది. మొదటిసారి మొత్తం పని నాది. ఆవిడ కుర్చీలో ఉండదు, గొడుగు కింద ఉండదు, మధ్యలో ఒక్క మాట అనదు. నాలుగో రోజుకల్లా సీసా తెచ్చి ముందు పెడతాను, వేలు పెడుతుంది, బాగుంది అంటుంది. ఆ ఒక్క మాట పోయేలోపు వినాలి. అక్క పోతుందన్న దిగులు కంటే ఆ మాట వినకుండా పోతుందేమోనన్న భయమే నాకు ఎక్కువగా ఉండింది.

గిన్నె తీసుకుని లేస్తుంటే మళ్ళీ పిలిచింది.

“లిబోరియా, ఉప్పు...”

“తెలుసు” అన్నాను. “నలభై ఏళ్ళ నుంచి చేస్తున్నా. ఇంకా చిన్నపిల్లనేనా నీకు?”

అక్క వంటింటి గుమ్మంలో నిలబడ్డ నింఫా వైపు చూసింది. నేను విసురుగా మెట్లు దిగి వచ్చేశాను. వెనకాల నింఫా పిలిచినట్టనిపించింది గానీ ఆగలేదు. ఆ వీధి ఎక్కుతున్నంత సేపూ నాలో నేను ఆవిడతో పోట్లాడుతూనే ఉన్నాను.

సోమవారం తెల్లవారుజామునే పెరట్లో పెద్ద డేగిసా ఎక్కించాను. ఉల్లిపాయలు రెండు, బాసిల్ కట్ట ఒకటి, టమాటాలు. తొమ్మిదికల్లా మర తిప్పడం అయిపోయింది. బక్కెట్లు ఒక్కొక్కటే మేడ మీదికి మోశాను. పలకల మీద గుజ్జు పరిచి నడుం పట్టుకుని నిలబడితే ఏదో పని మిగిలిపోయినట్టు అనిపించింది. చుట్టూ చూశాను. గోడ వారగా గడ్డి కుర్చీ ఖాళీగా ఉంది. అందుకే అలా ఉందిలే అనుకుని, కుర్చీని లోపల పడేసి వచ్చాను.

ఎదురింటి వస్తియానా తన మేడ మీద నుంచి చూసి, ఒక్కదానివే చేస్తున్నావా అని అడిగింది. కళ్ళు కనపడటం లేదా అన్నాను. వస్తియానాకు నా నోటి సంగతి కొత్త కాదు, నవ్వేసి తన వంకాయ ముక్కలు ఎండబెట్టుకుంది.

సోమవారం సాయంత్రం కిందికి వెళ్ళలేదు. మంగళవారం కూడా వెళ్ళలేదు. ఒళ్ళు హూనమైందనేది ఒక కారణం. అలక అసలు కారణం. వెళితే ముద్దతోనే వెళ్ళాలి, ఆవిడ నోటితోనే అనిపించుకోవాలి అని పంతం పట్టాను. రెండు సాయంత్రాలూ నింఫా ఫోన్ చేసింది. అమ్మ నిద్రపోతోంది, లేచినప్పుడు నువ్వొచ్చావా అంటోంది అని చెప్పింది. బుధవారం వస్తానన్నాను.

రెండో రోజు మూడు పలకల ముద్ద రెండు పలకల మీదికి వచ్చింది. మధ్యాహ్నం దాటాక షిరోక్కో లేచింది. ఆ ఆఫ్రికా గాలి వచ్చిందంటే ఊళ్ళో గోడలు కూడా చెమటలు కక్కుతాయి, పాలు విరుగుతాయి, మనుషులు ఒకరి ముఖం ఒకరు చూడరు. ముద్ద మీద చిన్న చిన్న బుడగలు కనపడ్డాయి. ఎండకు ఉడుకుతోంది అనుకున్నాను. కొంచెం పుల్లటి వాసన కూడా వచ్చింది. షిరోక్కో రోజున అన్నీ అదే వాసన వేస్తాయి అనుకున్నాను. వేలికంటింది నోట్లో పెట్టుకుంటే అప్పుడే తెలిసిపోయేది. పెట్టుకోలేదు. గరిటె కొన నీళ్ళతో కడిగాను గానీ నాలుకకు తాకనివ్వలేదు. మొదటి వేలు అక్కది.

బుధవారం పదకొండు గంటలకు నింఫా ఫోన్. రెండు పలకల ముద్దను ఒకే పలక మీదికి చేర్చే సమయం అది. మూడు రోజుల పనిలో కీలకమంతా ఆ నాలుగైదు గంటల్లోనే ఉంటుంది, ముద్ద బిగిసేదీ చెడేదీ అప్పుడే.

“పిన్నీ, అమ్మ నిన్ను అడుగుతోంది. వచ్చెయ్” అంది.

“ఎలా ఉంది?”

“అలాగే ఉంది. నిన్ను అడుగుతోంది.”

నాలుగింటికి వస్తాను, ముద్ద తీసుకునే వస్తాను, అమ్మకు ఆ మాటే చెప్పు అన్నాను. ఎదురు మేడ మీద నుంచి వస్తియానా అంతా వింది. నువ్వు పో, నేను వచ్చి తిప్పుతాను, నాకు చేతకాని పనా అంది. నిరుడు నీ సీసాల్లో స్త్రాత్తుకు బూజు గడ్డం మొలిచింది, ఈసారి నాదానికి కూడా మొలిపిస్తావా అన్నాను. ఆవిడ ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఒంటి గంటకు మళ్ళీ ఫోన్. ఈసారి నింఫా గొంతులో ఒక తేడా ఉంది. నేను గమనించాను. గమనించలేదని ఎవరికైనా చెప్పగలను గానీ ఇక్కడ అబద్ధమెందుకు?

“పిన్నీ, ఇప్పుడే రా. రుచి చూస్తానంటోంది.”

“ముద్ద ఇంకా గట్టిపడలేదే. మూడు గంటలు. మూడే గంటలు ఆగమను.”

పచ్చిగా ఉన్నది తీసుకెళ్తే ఏమంటుందో నాకు తెలుసు. చెయ్యే ఇంకాస్త పడాల్సింది అంటుంది. ఆఖరిసారి కూడా ఆ మాటే వినడం నాకు ఇష్టం లేదు. అందుకని వంగి గరిటె పట్టుకున్నాను. ఆ మూడు గంటల్లో నేను పెట్టినంత చెయ్యి మా అమ్మ కూడా పెట్టి ఉండదు. చెమట కారి కళ్ళు మండుతున్నా తుడుచుకోలేదు. ముద్ద నల్లబడుతూ, బిగుసుకుంటూ, పలకను వదిలి గరిటెకు అంటుకోవడం మొదలుపెట్టింది. చూస్తే గర్వమేసింది.

రెండున్నరకు మూడో ఫోన్.

“అయిపోయింది పిన్నీ” అంది నింఫా.

ఫోన్ చెవి దగ్గర ఉండగానే నా రెండో చెయ్యి పలక అంచును గీకుతూనే ఉంది. అది ఆగడానికి కొంతసేపు పట్టింది. తర్వాత నేను చేసిన పని కూడా చెప్తాను. వెంటనే పరుగెత్తలేదు. ముద్దంతా ఎత్తి పింగాణీ జాడీలో పెట్టి, నూనె పోసి, బాసిల్ ఆకు వేసి, గుడ్డ కట్టి, వంటింట్లో చల్లటి మూల పెట్టి, అప్పుడు చేతులు కడుక్కుని కిందికి వెళ్ళాను. అక్క ముఖం మీద అప్పటికే వల పరదా వేశారు. నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను. నా చేతులకు టమాటా వాసన పోలేదు.

మా వైపు చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. అయినవాళ్ళు వండి తెచ్చిపెడతారు. శ్మశానం నుంచి వచ్చాక పెట్టే మొదటి భోజనం రక్తసంబంధంలో దగ్గరివాళ్ళది. అంటే నాది. తెచ్చినవాళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చోరు, వడ్డించి వంటింట్లో ఉంటారు. తిన్నవాళ్ళు బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు, పళ్ళెంలో మాత్రం మిగల్చరు. తెచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్ళాలి. మిగిలిపోతే దానితో పాటు చావు కూడా తెచ్చినవాళ్ళింటికి వెళ్తుందని పెద్దలు భయపెట్టారు, మేమూ భయపడుతూనే ఉన్నాం.

గురువారం తెల్లవారకముందే లేచి వంకాయలు కోసి ఉప్పు చల్లి పిండాను, నూనెలో వేయించాను. చల్లారినా తినదగినది కావాలి కాబట్టి చిన్న ఉంగరాల పాస్తా ఉడికించి, సాస్ కలిపి, వంకాయ ముక్కలు పరిచి, పైన వేయించిన రొట్టె పొడి చల్లి పొయ్యి లోపల కాల్చాలని అనుకున్నాను. చీజ్ వెయ్యలేదు, అక్కకు గిట్టదు. సాస్ కోసం జాడీ గుడ్డ విప్పాను. అక్కకు అందని ముద్ద కనీసం అక్క ఇంటికైనా చేరాలి, ఆవిడ బల్ల మీద నలుగురూ తినాలి అనుకున్నాను. ఉల్లిపాయ వేగాక పెద్ద గరిటెడు ముద్ద వేసి నీళ్ళు పోశాను. పాస్తా నీళ్ళకు ఉప్పు వేశాను. సాస్‌కు వెయ్యలేదు. స్త్రాత్తు పడ్డ సాస్‌కు ఎవరూ ఉప్పు వెయ్యరు, దానిలోనే ఉంటుంది.

రుచి చూడలేదు. ముందురోజు మధ్యాహ్నం నుంచి నా నోట్లోకి నీళ్ళు తప్ప ఏమీ పోలేదు, పోవాలనీ అనిపించలేదు. అసలు కారణం అది కూడా కాదు. ఇప్పుడు ఇంట్లో పెద్దదాన్ని నేనే, మొదటి వేలు నాదే. ఆ జాడీలో వేలు పెట్టడానికి నా ప్రాణం ఒప్పలేదు. నేను పెట్టనంతవరకు అక్క కిందిపేటలో మంచం మీద ఉన్నట్టే నాకు.

పదింటికి చర్చిలో పూజ, పదకొండుకు శ్మశానం. ఎండలో పెట్టె మోసినవాళ్ళ చొక్కాలు వీపుకు అతుక్కుపోయాయి. పన్నెండున్నరకు అక్క ఇంట్లో బల్ల చుట్టూ తొమ్మిది మంది కూర్చున్నారు. నింఫా, దాని మొగుడు, పోయిన బావగారి తమ్ముళ్ళిద్దరూ వాళ్ళ భార్యలూ, ముగ్గురు ముసలి దాయాదులు. కిటికీ తలుపులు సగం మూసి ఉన్నాయి. నేను వడ్డించి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

ఒక ముసలాయన ముద్దకు ముద్దకు మధ్య ఒక గుక్క వైన్ తాగాడు. బావగారి మరదలు పళ్ళెంలోకి చూస్తూ చాలాసేపు నమిలింది. దుఃఖంలో తిండి దిగదు కదా అనుకున్నాను. అయినా తొమ్మిది పళ్ళేలూ ఖాళీ అయ్యాయి. మారు వడ్డిస్తానంటే మాత్రం ఒక్కరూ పళ్ళెం జరపలేదు. పాత్రలో మూడోవంతు అలాగే మిగిలింది.

దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చాను. వెనకాలే నింఫా వచ్చి తలుపు వేసింది. మూడు రాత్రుల నిద్ర లేక దాని కళ్ళు గుంటలు పడ్డాయి. ఒక పళ్ళెం తీసి, పాత్రలోంచి ఇంత పెట్టి, నా ముందు ఉంచింది.

“తిను పిన్నీ.”

“తెచ్చినవాళ్ళు తినరు కదే.”

“మిగిలింది కదా. ఎవరో ఒకరు తినాలి. నువ్వు తిను.”

నిలబడే ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. పులుపు. టమాటా పులుపు కాదు, పులిసిపోయిన పులుపు. దాని వెనకాల ఉప్పు ఉండాల్సిన చోట ఏమీ లేదు. నాలుక వెతుక్కుంది. మూడు రోజులు కళ్ళకు, ముక్కుకు, చేతులకు తెలియనిది నాలుకకు ఒక్క చెంచాతో తెలిసిపోయింది. బుడగలు గుర్తొచ్చాయి. ఖాళీ కుర్చీ గుర్తొచ్చింది. ఆ సోమవారం పలకల ముందు నిలబడి ఏం మిగిలిపోయిందా అని చుట్టూ చూడటం గుర్తొచ్చింది. తొమ్మిది మంది నోరెత్తకుండా దీన్ని తిన్నారని తెలిసి నాకు తల కొట్టేసినట్టయింది.

నింఫా గూట్లోంచి నీలం డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత చుట్టూ అక్క కట్టిన దారం అలాగే ఉంది.

“ఆదివారం సాయంత్రం ఇది నీకివ్వమంది. నువ్వు మెట్లు దిగుతున్నావు. ఒకసారి పిలిచా, నువ్వాగలేదు. అంత విసురుగా పోతుంటే వెనకాల పరుగెత్తబుద్ధి కాలేదు. రేపొస్తావుగా, ఇద్దాంలే అనుకున్నా. నువ్వు రాలేదు.”

నేను డబ్బా వైపే చూస్తున్నాను. నింఫా గొంతు పెంచలేదు, అవతలి గదిలో మనుషులున్నారు.

“నిన్న పొద్దుట్నుంచీ అదే మాట. ‘లిబోరియా ఉప్పేసిందా? అడుగు. ఉప్పేసిందా?’ అని. మూడుసార్లు అడిగింది.”

“నాకు చెప్పలేదేం? నన్ను అడుగుతోంది అన్నావు. ఉప్పు అని ఒక్క మాట అన్నావా నువ్వు?”

“ఉప్పు గురించి అడుగుతోందంటే నీకు కోపమొస్తుందనుకున్నా. నిన్నే అడుగుతోందంటే వస్తావనుకున్నా.”

ఉప్పు అని చెప్పి ఉంటే ఏం చేసి ఉండేదాన్నో నాకు బాగా తెలుసు. పలకల వైపు చూసి, నాలుక కరుచుకుని, ఎవరికీ తెలియకుండా నా వంటింటి ఉప్పు తెచ్చి చల్లి ఉండేదాన్ని. ముద్ద కాస్తయినా దక్కేదేమో కూడా. అక్క దగ్గరికి మాత్రం అప్పుడు కూడా వచ్చి ఉండేదాన్ని కాదు. మంచం మీద పడి ఉన్నా నా మీద నమ్మకం లేదు అని ఇంకా అలిగి కూర్చునేదాన్ని. నింఫా మీద నెట్టేయడానికి ఆ కాస్త సందు కూడా నాకు దొరకలేదు.

“చివరికి నేనే అబద్ధమాడా” అంది నింఫా. “వేసిందమ్మా అన్నాను. అప్పుడు కాస్త నెమ్మదించింది. ‘అయితే బాగానే వస్తుంది, దాని చెయ్యి మంచిది. రమ్మను, రుచి చూస్తా’ అంది. అప్పుడు చేశా నీకు రెండో ఫోన్.”

అవతలి గదిలో ఎవరో కుర్చీ జరిపారు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళు నేను కాచుకుని కూర్చున్న మాట ఒంటి గంటకు ఈ ఇంట్లో అక్క అనేసింది. ఆ సమయానికి నేను మేడ మీద, ఆ మాట కోసమే, పులిసిన ముద్దను తిప్పుతున్నాను.

ఏడుద్దామంటే రాలేదు. పళ్ళెంలో ఉన్నది తిన్నాను. అయిపోయాక పాత్ర దగ్గరికి లాక్కున్నాను. గిన్నె ఖాళీగా వెళ్ళాలి, ఇంకెవరూ ముట్టుకోరు, కాబట్టి అది నేనే తినాలి. నింఫా నా ఎదురుగా కూర్చుంది. వద్దనలేదు, తోడుగా ఒక చెంచా కూడా తీసుకోలేదు. కొంతసేపు చూసి, డబ్బా మీది దారం విప్పి, మూత తీసి, నా చేతికి అందేంత దగ్గరగా జరిపింది. నిండుగా, తెల్లగా, ముతకగా ఉంది ఉప్పు. అక్క వేలు దిగిన గుంట ఒకటి పైన అలాగే ఉంది.

పాత్ర అడుగు కనపడేదాకా తిన్నాను. ఉప్పు వేసుకోలేదు.